వలతో పాటు ఎగిరిన మనిషి

ఆ ఏటి ఒడ్డున మనుషులకు పేర్లు పెట్టేది తల్లిదండ్రులు కాదు, చేపలు. తన ఒడ్డూ పొడుగూ ఉన్న వాలుగ చేపను ఒంటరిగా గట్టుకు లాగినాయన ఆ రోజు నుంచీ 'వాలుగ'. పడవ దిగిన ప్రతిసారీ రెండు బుట్టలు నింపుకుని దిగే ఆయన తమ్ముడు 'రెండుబుట్టలు'. ఈ రెండుబుట్టలాయనకు లేకలేక పుట్టిన కొడుకు మాత్రం 'గాలివల'. వలలో గాలి తప్ప మరొకటి పడనివాడని దానర్థం.

ఆ పేరు ఊరివాళ్ళు పెట్టింది కాదు, తనే పెట్టుకున్నాడు. మీసాలు మొలిచే వయసులో తండ్రి అతన్ని పడవ ముక్కు మీద నిలబెట్టి, విసురువల చేతికిచ్చాడు. మొదటిసారి విసిరితే తెగిన చెప్పు వచ్చింది. రెండోసారి సొట్టపోయిన సత్తుగిన్నె వచ్చింది. మూడోసారి మొదటి చెప్పుకు జత వచ్చింది. "చూశావా నాన్నా, ఏరు ఎంత దయగలదో! కాలికి తొడుక్కుని ఇంటికి పొమ్మంటోంది" అన్నాడు. తండ్రి నవ్వలేదు. గట్టు మీద ఉన్నవాళ్ళు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వారు. వీడికి ఏం పేరు పెడదామా అని వాళ్ళు తలలు దగ్గర పెట్టుకుంటుంటే అతనే అరిచి చెప్పాడు, "శ్రమపడకండి. గాలివల అనండి, నోటికి బాగుంటుంది" అని.

అప్పటి నుంచి అదే అతని జీవనసూత్రం అయింది. ఎదుటివాడు రాయి వేసేలోపు మన నెత్తిన మనమే వేసుకుంటే, దెబ్బ ఎంత గట్టిగా తగలాలో అన్నది మన చేతిలో ఉంటుంది.

అసలు అతనికి పడవే పడదు. ఒడ్డు వదిలి నాలుగు తెడ్లు వేస్తే చాలు, కడుపులో కవ్వం పెట్టి తిప్పినట్టు ఉండేది. ఈత కూడా రాలేదు. "చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. నాకు నేర్పాలి. నేర్పినా రాదు. మా అమ్మ కప్పని కన్నా బాగుండేది" అనేవాడు. కొడుకును మనిషిని చేద్దామని కొన్నేళ్ళు పోరాడి తండ్రి ఓడిపోయాడు. ఒకరోజు అతన్ని పడవలోంచి దింపి, నూలుకండె చేతిలో పెట్టి, "చిరిగినవి అల్లు" అన్నాడు. అంతటితో పాఠం ముగిసింది.

వలలు ఆరేసుకునే పాక ఏటికి ఎదురుగానే ఉండేది. గాలివల అందులో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేవాడు. నోరు ఎంత చురుకో, వేళ్ళు అంత మందం. సాయంత్రానికి ఒక వల కుదిరితే ఎక్కువ. అయినా ఆ పాక ఎప్పుడూ కళకళలాడుతూ ఉండేది, ఎందుకంటే ఏట్లోకి దిగడం మానేసిన ముసలివాళ్ళందరికీ కూర్చోవడానికి అదే చోటు. ఏ వంపులో ఏ కాలంలో ఏ చేప తిరుగుతుందో, ఏ వరద ఎవరి పడవను ఎక్కడ ఒడ్డుకు తోసిందో, వెదురు బుట్టల్లాంటి మావుల్ని నీళ్ళలో ముందుగా ఎవరు పాతారో, అందులోకి దూరిన చేప ఎందుకు బయటికి రాలేదో, అన్నీ అక్కడే దొర్లేవి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళ మాటలన్నీ గాలివల చెవుల్లో ఉండిపోయాయి. ఒడ్డున కూర్చున్నవాడికి లోతేం తెలుసంటారు గానీ, ఏరు పొడుగునా చరిత్రంతా ఒడ్డున కూర్చున్నవాడికే నోటికొచ్చింది.

పెళ్ళి విషయంలోనూ నోరే పనిచేసింది, కాకపోతే అది వేరొకరిది. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి ఎగువ ఊరివాళ్ళతో "జాలరి కొడుకు" అని చెప్పాడు. అబద్ధమేమీ కాదు. పిల్లవాడు జాలరా అని వాళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు. కొత్త కోడలు వచ్చిన కొన్నాళ్ళకే రెండుబుట్టలాయన భుజం పట్టేసింది, పడవ ఒడ్డునే ఉండిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి ఒక పొద్దున గాలివల గుండె దిటవు చేసుకుని పడవెక్కాడు. బుట్ట పట్టుకోవడానికి భార్య వెంట ఎక్కింది.

నడి ఏటికి వెళ్ళేసరికి అతను పడవ అంచులు రెండూ గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆమె కాసేపు చూసింది.

"ఏమయ్యా, కాస్త ఇటు జరుగు."

"ఎందుకు?"

"పడవ తిరగబడేలోపు నేను అటు రావాలి."

ఆమె లేచి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, వల చేతిలోకి తీసుకుంది. ఎగువ ఊళ్ళో అన్నదమ్ములు లేని ఇంట్లో, తండ్రి పడవ మీద పెరిగిన పిల్ల ఆమె. వల నీటి మీద విప్పారిన చప్పుడు విని గాలివల కళ్ళు తెరిచాడు. బుట్టలో పడ్డ చేపలు అతని కాళ్ళ మీదికి ఎగురుతుంటే, "నన్ను చూసి నవ్వుతున్నాయే ఇవి" అన్నాడు. "నవ్వనీ. సాయంత్రం నువ్వే పులుసు పెడుదువు గాని" అంది ఆమె.

అలా వాళ్ళింట్లో పనులు తారుమారయ్యాయి. ఆమెది పడవ, అతనిది పొయ్యి. ఒడ్డున ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు, అంతేగాని వల విసరడం ఎవరూ ఎరగరు. ఎగతాళి చేద్దామని వచ్చినవాళ్ళకు గాలివల అవకాశం ఇచ్చేవాడు కాదు. "మా ఇంట్లో ఇద్దరం చేపలు పడతాం. ఆవిడ ఏట్లోవి పడుతుంది, నేను పళ్ళెంలోవి పడతాను. నా చేతి నుంచి ఇంతవరకూ ఒక్కటి తప్పించుకోలేదు" అని తనే ముందు అనేసేవాడు. ఇక వాళ్ళు మాత్రం ఏమంటారు?

పెదనాన్న వాలుగ ఒక్కడే నవ్వేవాడు కాదు. ఒడ్డున ఆయన మాటకు తిరుగులేదు. ఆడమనిషి విసిరిన వలను ఆయన వల అనుకోలేదు. ఆమె పడవ ఎదురొస్తే చాలు, మెడ పట్టేసినట్టు అవతలికి తిరిగిపోయేవాడు. "మీ పెదనాన్నకు మెడనొప్పి ఏమైనా ఉందా?" అని ఆమె చాలాకాలం నిజంగానే అడిగేది.

ఏళ్ళు గడిచాయి. ఎగువన ఆనకట్ట కట్టారు, ఏరు చిక్కింది, చేప తగ్గింది. కుర్రవాళ్ళు ఫ్యాక్టరీ బస్సులు ఎక్కడం మొదలుపెట్టారు. వంతెన వచ్చాక ఐసు లారీలు తిన్నగా గట్టు దాకా రావడంతో పాత ఐసు గది ఖాళీ పడింది. మందపాటి గోడలు, తేమ వాసన, లోపల ఎంత ఎండలోనైనా చల్లదనం. చేపల సంఘం ప్రెసిడెంటుకు ఏదో ఒకటి ప్రారంభించకపోతే తోచదు. ఆయన మీటింగు పెట్టి, "మన చరిత్ర చెయ్యి జారిపోతోంది. దాన్నంతా ఈ గదిలో పెట్టి తాళం వేద్దాం" అన్నాడు.

"తాళం వేస్తే ఎవరు చూస్తారు?" అన్నారెవరో.

"అయితే తాళం తీసే మనిషి కావాలి. పనీపాటా లేనివాడు ఎవడున్నాడు?"

తలలన్నీ ఒకేసారి తిరిగాయి. గాలివల కూడా వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. అటకల మీద నుంచి చిల్లుపడ్డ మావులు, ఇనుప మొన ఉన్న గడకర్రలు, మట్టిగుళ్ళు కట్టిన పాత వలలు, మసిపట్టిన పడవ లాంతర్లు, సగం చివికిన ఒక పడవ ముక్కు తెచ్చి పేర్చాడు. గోడల మీది మిగతా జాలర్ల ఫొటోల పక్కన పెట్టమని వాలుగ తన ఫొటో ఇచ్చాడు. కుర్రతనంలోది. భుజం మీద చేప, దాని తోక నేలకు తగులుతోంది. ఫొటో ఇచ్చేముందు మేకును ఊపి చూసి, "గట్టిదేనా?" అని అడిగి, తనే తగిలించి, అది వంకరగా ఉందేమోనని రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మరీ వెళ్ళాడు.

భార్య ఒక మధ్యాహ్నం తడిచీరతోనే వచ్చి గదంతా కలయజూసింది.

"బాగుంది. ఈ గోడల మీద ఇంతమంది ఉంటే ఆడది ఒక్కతే ఉంది" అంది.

"ఎవరది?"

"ఆ చేప. కడుపు చూడు, గుడ్లతో ఉంది."

గాలివల వంగి చూశాడు. ఆ చేప కథ వచ్చినవాళ్ళకల్లా చెప్తున్నాడు, దాని కడుపు వంక ఎప్పుడూ చూడలేదు. "నా కళ్ళు కూడా నా వలలాంటివే" అన్నాడు. ఆమె నవ్వకుండా వెళ్ళిపోయింది.

గదికి మనుషులు రాసాగారు. మొదట బడిపిల్లలు, తర్వాత వంతెన మీద ఆగే కార్లవాళ్ళు. గాలివల మాటలకు వాళ్ళు కూర్చుండిపోయేవాళ్ళు. మొదటే చెప్పేసేవాడు, "నేను పట్టినవాణ్ణి కాదండీ, పట్టినవాళ్ళని చూసినవాణ్ణి" అని. విసురువల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊపు వచ్చేసేది. వల అంచు చుట్టూ సీసం గుళ్ళు ఉంటాయి. కొస తాడు ముంజేతికి కట్టుకోవాలి. ఒక మడత మోచేతి మీద వేసుకుని, అంచున ఒక గుండు పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, నడుము తిప్పి విసరాలి. చెయ్యి వదిలిన క్షణంలోనే నోరూ వదలాలి. అప్పుడే వల గుండ్రంగా విచ్చుకుంటుంది. "ఈ విద్యలో కిటుకంతా నోట్లోనే ఉందండీ" అని ముగించేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఈ మాటలు ఆ నోటా ఈ నోటా పాకి, ఒక పత్రిక నుంచి విలేకరి వచ్చింది. కెమెరా మెడలో వేసుకున్న చలాకీ అమ్మాయి. గదంతా చూసి, "బాబాయిగారూ, ఎవరైనా వల విసురుతుంటే ఒక ఫొటో కావాలి" అంది. వాలుగ మోకాలు వాచి మంచం మీద ఉన్నాడు. భార్య చేపలతో సంతకు వెళ్ళింది. మిగతావాళ్ళంతా ఎగువన ఉన్నారు.

ప్రెసిడెంటు గాలివల చెవిలో, "నువ్వే విసురు. చేప పడక్కర్లేదు, ఫొటో పడితే చాలు" అన్నాడు.

"నేనా? అడగాల్సినవాణ్ణే అడిగావు."

"రోజూ చెప్పేదేగా! చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

ఇక్కడ గాలివల బుద్ధి గడ్డి తింది. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు గానీ, ఆడమని అడిగితే ఎవరి కాలు గజ్జె కట్టదు? పుట్టి ఇన్నేళ్ళైనా అతన్ని నిలబెట్టి ఫొటో తీస్తామన్నవాళ్ళు లేరు. జుట్టు తడిచేసి దువ్వుకున్నాడు. గట్టుకు కట్టేసి ఉన్న పడవ ముక్కు మీదికి ఎక్కాడు. తాడు ముంజేతికి కట్టాడు. మడత మోచేతి మీద వేశాడు. గుండు కరిచి పట్టాడు. నడుము తిప్పాడు. అంతా శాస్త్రం ప్రకారమే జరిగింది. వదలాల్సిన క్షణంలో చేతులు వదిలేశాయి. నోరు వదల్లేదు.

పుట్టిన దగ్గర్నుంచీ మూతపడని నోరు, తెరవాల్సిన ఆ ఒక్క క్షణంలో బిగుసుకుపోయింది. వల ఎగిరింది. వల వెనకాలే గాలివల ఎగిరాడు. కాళ్ళు రెండూ ఆకాశంలోకి లేచాయి, పంచె జెండాలా రెపరెపలాడింది. నీళ్ళలో పడ్డాక ముందుపన్ను ఒకటి సీసం గుండుతో పాటే వెళ్ళిపోయిందని తెలిసింది. కానీ అప్పుడు పన్ను సంగతి ఎవరికి కావాలి? "చచ్చాను! మునిగిపోతున్నాను! ఎవరైనా రండిరో!" అని కేకలు పెడుతూ నీళ్ళను రెండు చేతులా బాదుతున్నాడు.

అప్పుడే సంత నుంచి వస్తున్న భార్య ఖాళీ బుట్ట కింద పెట్టి, గట్టు మీద నుంచే అరిచింది.

"నుంచో!"

"మునిగిపోతున్నానే!"

"ముందు నుంచోవయ్యా!"

నిలబడ్డాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

అంతటితో పోతే బాగుండేది. ఆ ఆదివారం పత్రికలో సగం పేజీ ఫొటో వచ్చింది. విచ్చుకున్న వల, దాని వెనకే గాలిలో బారుగా చాచుకున్న మనిషి. నిజం చెప్పొద్దూ, చూడటానికి గొప్పగానే ఉంది. కింద రాసింది మాత్రం ఇది: 'వలతో పాటు నీటిలోకి లంఘించి చేపలను చుట్టుముట్టే ప్రాచీన పద్ధతి. తరతరాలుగా ఈ జాలర్లు కాపాడుకుంటున్న అరుదైన విద్య.' ఆ అమ్మాయి తప్పు కూడా కాదు. తిరిగి వెళ్ళేముందు "ఎందుకలా దూకారు?" అని అడిగితే, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న గాలివల, పరువు దక్కించుకుందామని, "మా పద్ధతి అంతే" అన్నాడు.

ప్రెసిడెంటుకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పత్రిక పేజీకి అద్దం కట్టించాడు. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. పై ఆదివారం రెండు బస్సుల జనం ఆ దూకుడు చూడటానికి వస్తున్నారని కబురు. ఒడ్డున వారం రోజులు అదే నవ్వులాట. గాలివల కూడా నవ్వాడు. "ఇన్నాళ్ళూ నా వలలో ఏమీ పడలేదని ఏడ్చారుగా, ఇదుగో నేనే పడ్డాను" అని పన్నూడిన సందు చూపించి మరీ నవ్వించాడు.

ఒక పొద్దున వాలుగ కర్ర పట్టుకుని, వాచిన మోకాలు ఈడ్చుకుంటూ ఐసు గదికి వచ్చాడు. అద్దం కట్టిన పేజీ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది మన పద్ధతా?"

"పెదనాన్నా, ఏదో నోరు జారింది..."

"మా నాన్న వరదలో కూడా పడవ మీద నిలబడ్డాడు. మీ నాన్న నిలబడ్డాడు. నేను నిలబడ్డాను. మేమందరం నిలబడింది ఒక్కరూ రాయలేదు. నువ్వు ఒక్కసారి పడితే, అదేనా ఇక మా పేరు?"

ముసలాయన మేకు మీద నుంచి తన ఫొటో దించి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట గాలివల అన్నం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఇంట్లో అది వరద వచ్చినంత వింత. భార్య ఇంకో ముద్ద వడ్డించి, "ఏమైంది?" అంది. చెప్పాడు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నిన్ను చూసి నలుగురూ నవ్వుతారు, నువ్వూ నవ్వుతావు. అది నీ ఇష్టం, నేనెప్పుడూ కాదనలేదు. కానీ ఇప్పుడు వాళ్ళు నవ్వేది నిన్ను చూసి కాదు."

"నన్ను కాక ఎవర్ని?"

"మా నాన్నని. మీ నాన్నని. రేపు పడవ తీసే నన్ను. చేప కోసం కోతిగంతులు వేసేవాళ్ళు వీళ్ళేనా అని."

అతను గోడకు ఆనుకున్నాడు. జీవితమంతా తన నెత్తిన తనే వేసుకున్న రాయి, ఈసారి జారి పక్కవాళ్ళ కాలి మీద పడింది. ఆ సంగతి ముందు తనకే తెలియాల్సింది. తన నెత్తి ఎంత గట్టిదో చూసుకునే సంబరంలో గమనించలేదు.

ఆదివారం వచ్చింది. ప్రెసిడెంటు గట్టు మీద పందిరి వేయించాడు, గాలివలకు ఎర్రచొక్కా తెచ్చాడు. పడ్డప్పుడు దెబ్బ తగలకుండా నీటి అడుగున గడ్డిమోపులు వేయించాడు. అవి కాసేపు ఆలోచించుకుని ఒక్కొక్కటే పైకి తేలి, దిగువకు ప్రయాణం కట్టాయి. "తెలివి మన ఊళ్ళో నా ఒక్కడి సొత్తే అనుకున్నాను" అన్నాడు గాలివల. ప్రెసిడెంటుకు అర్థం కాలేదు.

బస్సులు ఆగాయి. జనం ఫోన్లు పైకెత్తి గట్టంతా నిలబడ్డారు. వెనకగా బోర్లించిన పడవ మీద వాలుగ వచ్చి కూర్చున్నాడు, ఏమంటాడో విందామని కాబోలు. దూరంగా ఏట్లో భార్య తన పని తాను చేసుకుంటోంది. ఆదివారమని చేపలు సెలవు తీసుకోవు కదా.

గాలివల పడవ ఎక్కలేదు. గట్టు మీదే నిలబడ్డాడు. అన్నేళ్ళు మాట్లాడిన మనిషికి మొదటి మాట రావడానికి అంతసేపు పట్టడం చూసి, నాటకంలో భాగమనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు.

"మీరు దూరం నుంచి వచ్చారు. క్షమించాలి. ఆ పద్ధతి మాది కాదు. అసలు అది పద్ధతే కాదు. నేను పడిపోయాను" అన్నాడు. "వల విసిరేటప్పుడు నోరు తెరవాలి. నేను తెరవలేదు. ఇదుగో రుజువు." పన్నూడిన సందు చూపించాడు. "తర్వాత నిజం చెప్పడానికి తెరవాల్సింది, అప్పుడు అబద్ధానికి తెరిచాను."

గట్టంతా నవ్వులు. ప్రెసిడెంటు తల పట్టుకున్నాడు. ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ మాత్రం నవ్వకుండా, "మరి అసలు పద్ధతి ఏదండీ?" అని అడిగింది.

గాలివల ఏటి వంక చెయ్యి చాపాడు. "అదుగో, ఆ పడవలో ఉంది చూడండి. నా భార్య. ఈ ఒడ్డున వల విసరడం చూడాలంటే ఆవిణ్ణి చూడాలి. నా ఇంట్లో ఇన్నేళ్ళుగా పొయ్యి వెలుగుతోందంటే ఆవిడ వల్లే."

ఇంకేదో చమత్కారం కలుపుతాడని ఊరివాళ్ళు ఎదురుచూశారు. కలపలేదు. భార్య గురించి పక్కన ఏ నవ్వూ అతికించకుండా నలుగురిలో చెప్పడం అతనికి అదే మొదటిసారి.

అతను రెండు చేతులూ ఊపి పిలిచాడు. ఆమె పడవను దగ్గరికి పోనిచ్చి, "ఏమిటి గొడవ?" అంది.

"ఒక్కసారి విసరవే. వీళ్ళు చూస్తారట."

"నేను బొమ్మనా, అడిగినప్పుడల్లా ఆడటానికి? ఇక్కడ చేప లేదు, ఆ రెల్లు పక్కన ఉంది. చూసేవాళ్ళు అక్కడికి రండి."

జనం బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట నడిచారు. ఆమె పడవ ముక్కు మీద నిలబడి, నీటి వంక చూస్తూ ఆగింది. ఎంతకీ విసరదు. ఫోన్లు పట్టుకున్న చేతులు నొప్పెట్టి దించుకున్నారు. అప్పుడు వెనక నుంచి వాలుగ గొంతు ఖంగుమంది.

"కుడిభుజం దించు!"

అన్నేళ్ళలో ఆయన ఆమెతో పలికిన మొదటి మాట అది. ఆమె తల కూడా తిప్పలేదు. నోట్లో గుండు కరిచి పట్టుకునే, పళ్ళ సందుల్లోంచి, "నా భుజం సంగతి నాకు తెలుసు మామయ్యా" అంది. అని, విసిరింది. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీటి మీద ఒక్కసారే వాలింది. తాడు లాగుతుంటే లోపల తెల్లగా తళుక్కుమన్నాయి. జనం చప్పట్లు కొట్టారు గానీ ఆమె వాలుగనే చూస్తోంది.

"భుజం దించితే ఇంకో మూర అవతల పడేది" అన్నాడాయన.

"అయితే వచ్చి విసరండి."

"వస్తా. పడవ దగ్గరికి తే."

"మోకాలు వాచిందటగా?"

"వల మోకాలితో విసురుతారా?"

నలుగురు పట్టి ఆయన్ని పడవ ఎక్కించారు. ఆ తర్వాత బస్సుల జనం సంగతి వాళ్ళిద్దరూ మర్చిపోయారు. ఆయన ఒకసారి, ఆమె ఒకసారి. నీది గుండ్రంగా విచ్చుకోలేదని ఆయన, మీది ముడతపడిందని ఆమె. బస్సులు హారన్లు కొట్టి కొట్టి వెళ్ళిపోయాయి. పందిరి విప్పేశారు. పొద్దు వాలుతున్నా ఏట్లోంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. ఒంటిమీద ఎర్రచొక్కాతో గాలివల గట్టు మీద కూర్చుని అవి వింటూ ఉన్నాడు. వెళ్ళి కలవబుద్ధి వేసింది గానీ, పడవ పేరు చెప్పగానే కడుపు అడ్డం చెప్పింది.

పత్రికవాళ్ళు సవరణ వేశారు, లోపలి పేజీలో, చీమ తలకాయంత అక్షరాలతో. అందులో అక్కడ వల విసిరేది అతని భార్య అని, అతను 'మాజీ జాలరి' అని రాశారు. గాలివల అది చూసి నిజంగా నొచ్చుకుని పత్రికకు ఫోన్ చేశాడు. "మాజీ కావాలంటే ముందు ఒకప్పుడు అయ్యుండాలి కదమ్మా" అన్నాడు. మళ్ళీ సవరించమంటారా అని ఆ అమ్మాయి అడిగితే, వద్దులే, ఇంకెంత చిన్న అక్షరాలు వాడతారు అన్నాడు.

గదికి వచ్చే జనం తగ్గారు. దూకుడు చూడాలని వచ్చి నిరాశపడి పోయినవాళ్ళూ ఉన్నారు. ప్రెసిడెంటు కొన్నాళ్ళు మాట్లాడలేదు, ఆ తర్వాత నిజం చెప్పమన్నది తనేనని ఊరంతా చెప్పుకున్నాడు. వాలుగ ఫొటో మాత్రం తిరిగొచ్చింది. ఆయనే తగిలించి, పక్కన గోడ తట్టి, "ఇక్కడ ఇంకో మేకు కొట్టు, మీ ఆవిడ ఫొటో పెట్టు" అన్నాడు. గాలివల మేకు కొట్టాడు. ఫొటోకు నిలబడమంటే ఆమెకు తీరిక లేదు. ఎప్పుడడిగినా, "చేప ఆగుతుందా నీ ఫొటో కోసం?" అంటుంది. ఆ మేకుకు ప్రస్తుతం గాలివల గొడుగు వేలాడుతోంది.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఎవరో ముసలావిడ వచ్చింది, గుడ్డలో చుట్టిన ఏదో పొడుగాటి వస్తువుతో. చీమ తలకాయంత అక్షరాలు కూడా చదివేవాళ్ళుంటారన్నమాట. ఏదో ఒడ్డున ఆడమనిషి వల విసురుతుందని చదివి వెతుక్కుంటూ వచ్చిందట. గుడ్డ విప్పితే, సన్నటి వెదురు ఈనెలతో అల్లిన బుట్ట. రెండు మూతులు, మధ్యలో నడుములా సన్నం.

"మా అమ్మది. దీంతో ఏట్లోకి వెళ్ళేది, ఖాళీగా వచ్చేది కాదు. ఎలా పట్టేదో అడగాలని నాకప్పుడు తోచలేదు. మీకు తెలుసేమోనని..."

గాలివల దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాకలో విన్న మాటలన్నీ నెమరు వేసుకున్నాడు. ఆ ముసలివాళ్ళలో ఒక్కరూ ఇలాంటిది చెప్పలేదు. వాళ్ళంతా మగవాళ్ళే.

"తెలీదమ్మా" అన్నాడు. తనకు తెలీదని చెప్పడం బాగానే ఉంది, పన్ను కూడా ఊడలేదు. "రండి, తెలిసినవాళ్ళ దగ్గరికి వెళదాం."

గదికి తాళం వేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. గట్టున భార్య వల పిండుతోంది. వాలుగ పక్కనే కూర్చుని తప్పులు పడుతున్నాడు. బుట్ట చూడగానే ఇద్దరూ చేతులు చాచారు.

"ఇది నిలబెట్టి పెట్టాలి, రాళ్ళ మధ్య" అంది ఆమె.

"పడుకోబెట్టాలి. నీరు ఎటు పోతుందో దానికి ఎదురుగా" అన్నాడు ఆయన.

"ఎప్పుడైనా పెట్టారా మామయ్యా?"

"నువ్వు పెట్టావా?"

"పెట్టి చూద్దాం అయితే."

ముసలావిడ చెప్పులు విడిచి, చీర కాస్త పైకి పట్టుకుని, వాళ్ళకంటే ముందే నీళ్ళలోకి దిగింది. "మా అమ్మ ఇలా వంగేదని గుర్తు" అంది. ముగ్గురూ నీళ్ళలో నిలబడి ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడుతున్నారు. భార్య వెనక్కి తిరిగి, "అక్కడే ఉన్నావేం? దిగు, ఇది పట్టుకో" అంది.

"లోతెంత?" అని అడిగాడు గాలివల.

"మోకాలు."

"ఎవరి మోకాలు?"

"దిగవయ్యా బాబూ!"

గాలివల పంచె పైకి కట్టాడు.